తాటాకు రాత పెట్టె: కొత్త లిపులు కట్టేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

సొంతంగా లిపులు కట్టుకోవడం నాకు ఎప్పటినుంచో ఉన్న సరదా. అయితే రెండేళ్లుగా ఏ అక్షరం గీసినా తెలుగు ఒత్తో నాగరి తలగీతో వచ్చి కూర్చుంటోంది. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం ముందు గంటల తరబడి నిలబడి చూసినా కొత్త ఆకారమేదీ తట్టలేదు. చివరికి హనుమకొండలోని ఒక దుకాణంలో 650 రూపాయలు పెట్టి తాటాకు రాత పెట్టె కొన్నాను. 12 తాటి కమ్మలు, ఆకు మీద గీసి రాసే మొనదేలిన ఇనుప గంటం, మసి డబ్బీ, ఒక చిన్న పుస్తకం ఇచ్చారు.

మొదటి సాయంత్రమే నా పాత లిపిలోని తలగీత, మూడో అక్షరం దాటకముందే ఆకును పొడవునా చీల్చేసింది. ఆకు నారలు రాత సాగే దిక్కుకే నడుస్తాయి కనుక, వాటి వెంబడి లాగిన గీత కత్తిగాటుతో సమానం. మన అక్షరాలు గుండ్రబడడానికి తాటాకే కారణమని చిన్నప్పుడు విన్న మాట అప్పుడు గాని నా వేళ్లకు అర్థం కాలేదు. గీతను విల్లులా వంచి చూశాను. ఎడమచేతి బొటనవేలు గంటానికి ఆనుగా ఉండడం వల్ల, వంపు ముగిసే చోట గంటం దానంతట అదే వెనక్కి తిరిగి సన్నటి కొక్కెం పడింది. దీర్ఘానికి గుర్తుగా ఆ కొక్కేన్నే ఉంచుకున్నాను. కాగితం మీద కలంతో అది నాకు ఎన్నటికీ దొరికేది కాదు. రాస్తున్నంతసేపూ అక్షరం సరిగా కనిపించదు. మసి పూసి గుడ్డతో తుడిచాకే గాట్లలో నలుపు నిలిచి పైకి తేలుతుంది. చెరిపి దిద్దే వీలు లేకపోవడం కూడా మేలే చేసింది.

లోపాలు చిన్నవేమీ కావు. నాలుగు కమ్మలు అంచుల్లో పెళుసుగా విరిగాయి, గంటం పిడి రెండో వారానికే వదులై దారం చుట్టాల్సి వచ్చింది. పుస్తకమైతే తెలుగు వర్ణమాల దగ్గరే ఆగిపోయింది. పక్కనే ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికి, 2018లో కంప్యూటర్ల అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లో చేరిన గోండి లిపికి ఒక్క పేజీ కూడా కేటాయించలేదు. చుట్టూ కనిపించే వస్తువుల, పనుల ఆకారాలతో 1925లో సంతాలీ భాషకు ఓల్ చికీ లిపిని కట్టిన రఘునాథ్ ముర్ము ప్రస్తావన కూడా లేదు. నాలాంటివారికి అసలు కావలసినవి ఆ రెండే.

గంటం, మసి మాత్రమే విడిగా అమ్మితే మళ్లీ కొంటాను. కమ్మలు మాత్రం మా ఊళ్లో కల్లు గీసే పెద్దమనిషిని అడిగి తెచ్చుకుని, పసుపు నీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టుకున్నాను. అవి ఇప్పటివరకు ఒక్కటీ చీలలేదు.