చేపల మేతకు 12×4 అజొల్లా బెడ్: కొనే ముందు చూడాల్సినవి

నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క అజొల్లా, పశువులకి మేతగా వేస్తారు. దాన్ని పెంచడానికి పాడి రైతుల కోసం వచ్చిన బెడ్లను ఇప్పుడు పెరట్లో ఆక్వాపోనిక్స్ (చేపల ట్యాంకు నీళ్లతోనే ఆకుకూరలు పెంచే పద్ధతి) పెట్టుకున్న వాళ్లకీ అమ్ముతున్నారు. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు లోతు ఉండే, హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటుతో చేసిన తొట్టి ఇది. దీన్ని కొనొచ్చు, పనికొచ్చే వస్తువే. ఇది ఉంటే మేత బస్తా మానేయొచ్చని మాత్రం అనుకోవద్దు. మేతలో నాలుగో వంతు దీంట్లోంచి వస్తే బెడ్ బాగా పనిచేసినట్టే.

ఎందుకు నాలుగో వంతేనో లెక్క చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకులో 200 గ్రాముల తిలాపియాలు 20 ఉన్నాయనుకుందాం. మొత్తం 4 కిలోలు. రోజుకి బరువులో రెండున్నర శాతం చొప్పున 100 గ్రాముల పెల్లెట్లు (బస్తాల్లో వచ్చే మేత గుళికలు) పడతాయి. 28 శాతం ప్రొటీన్ మేతయితే అందులో ప్రొటీన్ 28 గ్రాములు. నాలుగున్నర చదరపు మీటర్ల ఈ బెడ్ బాగా సాగితే రోజుకి అర కిలో పచ్చి అజొల్లా ఇస్తుంది. చూడటానికి బుట్టెడు కనిపిస్తుంది కానీ 94 శాతం దాకా నీళ్లే. ఎండితే మిగిలేది 30 గ్రాములు, అందులో ప్రొటీన్ 7 గ్రాములు. అమ్మేవాళ్లు చెప్పే ‘25 శాతం ప్రొటీన్’ ఎండు బరువు మీద మాట. పచ్చి ఆకు తూచి దానికి ఆ శాతం కడితే చేపలు బక్కచిక్కిపోతాయి.

కొనేటప్పుడు మొదట మూలలు చూడండి. కుట్టు వేసినవి సూది రంధ్రాల దగ్గర ఊరుతాయి. వేడితో అతికించిన మూలలున్నదే తీసుకోవాలి. మందం 350 జీఎస్‌ఎం (చదరపు మీటరు షీటు బరువు గ్రాముల్లో), ఆ పైన ఉంటే మేలు. అడుగు లోతు ఉన్నా నీళ్లు 10 సెంటీమీటర్లు చాలు. అంతమాత్రానికే నాలుగున్నర వందల కిలోల బరువు పడుతుంది కాబట్టి, చుట్టూ ఇటుకలు గానీ పైపు ఫ్రేము గానీ లేకపోతే గోడలు బయటికి వాలిపోతాయి. చాలా బెడ్లకు నీళ్లు వదిలే దారి ఉండదు, గొట్టంతో లాగి తీయాల్సిందే. నేల మట్టంగా లేకపోతే ఒక కొన 5 సెంటీమీటర్లు, ఇంకో కొన 15 అవుతాయి. లోతు తక్కువైన వైపు వేళ్లు మట్టిలో దిగి, అజొల్లా తీయబోతే బురదతో సహా వస్తుంది.

నింపడానికి జల్లించిన మట్టి 15 కిలోలు సమంగా పరిచి, 2 కిలోల పేడ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ 10 లీటర్ల నీళ్లలో కలిపి పోసి, ఆపైన నీళ్లు పెట్టాలి. విత్తనంగా కిలో అజొల్లా చాలు. కొరియర్‌లో వచ్చేది కవర్లోనే కుళ్లుతుంది, దగ్గర్లో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలోనో పాడి రైతు దగ్గరో తెచ్చుకోవడం మంచిది. 10 నుంచి 15 రోజుల్లో బెడ్ కప్పేస్తుంది. ఆ తర్వాత 5 రోజులకోసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్. 10 రోజులకోసారి పావు వంతు నీళ్లు, నెలకోసారి 5 కిలోల మట్టి మార్చాలి. ఆరు నెలలకి అంతా తీసేసి కొత్తగా మొదలుపెట్టాలి.

పాడి పశువులకైతే ఇది చాలు. ఆక్వాపోనిక్స్‌లో పేడ దగ్గర జాగ్రత్త పడాలి. చేపల నీళ్లలోనే పెరిగే ఆకుల్ని మనం పచ్చిగా తింటాం, పేడలోని క్రిములు అందులోకి చేరకూడదు. అందుకే బెడ్ నీళ్లు చేపల ట్యాంకులోకి ఒక్క చెంబు కూడా పోకూడదు. పేడ బదులు చేపల ఫిల్టర్లో అడుగున చేరే మడ్డిని వాడుకోవడం ఇంకా నయం, ఫాస్ఫరస్ కూడా అందులో ఉంటుంది.

తీసిన అజొల్లాని రంధ్రాల బుట్టలో వేసి సగం బకెట్ నీళ్ల మీద పట్టుకుని తిప్పండి. మొదటిసారి నీళ్లు డికాషన్ రంగుకి తిరుగుతాయి, తెగిన నల్లటి వేళ్లు వెంట్రుకల్లా కిందికి దిగుతాయి. ఆకుల అడుగున జిగురుగా అంటుకున్న చిన్న ముద్దలు నత్త గుడ్లు, ఏరి పారేయాలి. మూడుసార్లు కడగాలి. వదిలేస్తే ఆ వేళ్లే పంపు జాలీలో, బెల్ సైఫన్‌లో (మొక్కల తొట్టి నిండగానే నీళ్లని దానంతటదే దించే గొట్టం) చుట్టుకుని నీళ్లు ఆపేస్తాయి.

ట్యాంకులో ఊరికే చల్లొద్దు. అరంగుళం పీవీసీ పైపుతో రెండడుగుల చట్రం కట్టి తేలేస్తే, అజొల్లా ఓవర్‌ఫ్లో వైపు కొట్టుకుపోదు. పెల్లెట్లకి అలవాటుపడ్డ చేపలు మొదట ముట్టుకోవు. పొద్దున ఆకలి మీదున్నప్పుడు అజొల్లా, సాయంత్రం పెల్లెట్లు అన్న వరుసలో ఇస్తే కొన్ని రోజుల్లో అలవాటవుతాయి. మర్నాటికి మిగిలిందంటే ఎక్కువ వేశారన్నమాట. తీసేసి తగ్గించండి. ట్యాంకు పైనంతా పరుచుకుంటే రాత్రి ఆక్సిజన్ పడిపోతుంది. తిలాపియా, గడ్డి చేప బాగా తింటాయి. కొర్రమీను మాంసాహారి, దానికోసమైతే ఈ బెడ్ కొనడం దండగ. చిన్న చేప పిల్లలకి ప్రొటీన్ ఎక్కువ కావాలి కాబట్టి పెల్లెట్లే పెట్టాలి.

అజొల్లాని చేపల నీళ్లలోనే పెంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పెద్దగా లాభం లేదు. అజొల్లా ఆకుల్లో కాపురముండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోంచి నైట్రోజన్ పట్టిస్తుంది, అది నిజంగా పైనుంచి వచ్చిన సొమ్ము. ఫాస్ఫరస్, పొటాషియం, ఐరన్ మాత్రం అలా రావు, పాలకూరకి అందాల్సినవే అజొల్లా లాగేసుకుంటుంది. విడిగా పెంచితే బయటి పోషకాలు మేత రూపంలో లోపలికి వస్తాయి. అయినా పెల్లెట్లు తగ్గిన మేరకు గ్రో బెడ్లకి (మొక్కల తొట్లకి) చేరేదీ తగ్గుతుంది. కొత్త ఆకులు పసుపు రంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఐరన్ లోటు, ముదురాకుల అంచులు మాడితే పొటాషియం లోటు. అప్పుడు లీటరు నీళ్లకి ఐరన్ 2 మిల్లీగ్రాములు అందేలా ఐరన్ చీలేట్ (నీళ్లలో కరిగే ఐరన్ మందు) కలపాలి, పీహెచ్ పెంచాల్సి వచ్చినప్పుడు పొటాషియం బైకార్బొనేట్ వాడాలి.

మన దగ్గర ఈ బెడ్‌కి అసలు గండం ఏప్రిల్, మే నెలలు. నీళ్లు 35 డిగ్రీలు దాటితే అజొల్లా ఎర్రబడి ముద్దకడుతుంది. 50 శాతం షేడ్ నెట్ తప్పనిసరి, అది వేసినా దిగుబడి సగానికి పడుతుంది. నీడలో కూడా ఎరుపు తగ్గకపోతే ఫాస్ఫరస్ చాలట్లేదని అర్థం. పురుగు గూడు అల్లితే ఆ మేర ఎత్తి కోళ్లకి వేసేయండి. వరి పొలాల్లో అజొల్లాకి కార్బోఫ్యురాన్ గుళికలు చల్లమనే సలహా ఒకటుంది, చేపలకి అది విషం. ఒక్క గుళిక కూడా వద్దు.

ఎండాకాలం లోటుని తూటికూర, చిలగడదుంప ఆకులతో పూడ్చుకోవచ్చు. తూటికూర అనుకుని లొట్టపీసు ఆకు కోసుకొస్తారు కొందరు, అది పశువులకే విషం. ఎండబెట్టిన మునగాకు పొడి మంచిదే కానీ మేతలో పదో వంతు దాటకూడదు.

పది చేపలే ఉన్నవాళ్లకి ఇంత బెడ్ అక్కర్లేదు, పాత టబ్బులు రెండు చాలు. ఇటుకలు ఇంట్లో ఉన్నవాళ్లు రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గుంటకి సరిపడా సిల్పాలిన్ (మందపాటి టార్పాలిన్) షీటు పరిచి కట్టుకుంటే దాదాపు ఇంతే దిగుబడి, ఖర్చు బాగా తక్కువ. డాబా మీద పెట్టాలనుకునే వాళ్లకి, ఇల్లు మారేటప్పుడు మడిచి పట్టుకుపోవాల్సిన వాళ్లకి ఈ రెడీమేడ్ బెడ్ సరైనది.