ఎరువుల షాపుల వాళ్ళు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు కట్టేముందు ఇది చదవండి

అన్నలూ, ఖాతా పుస్తకాలు తీసేసి యాప్ పెట్టుకుందాం అనుకుంటుంటే కాస్త ఆగండి. మాది గుంటూరు జిల్లాలో ఎరువులు, పురుగుమందుల షాపు. షాపులో, గోడౌన్‌లో, ఇంట్లో నాన్న ఫోన్‌లో ఎక్కడ చూసినా ఒకటే లెక్క కనపడుద్దని చెప్పి సాఫ్ట్‌వేర్ అమ్మారు.

మొదటి ఏడాది బాగానే నడిచింది. మార్చిలో రెన్యూవల్‌కి రేటు డబుల్ చెప్పారు, ఇదేంటండీ అని అడిగితే మర్నాటికి లాగిన్ ఆపేశారు. మార్చి అంటే మిర్చి యార్డుకి పోయే టైమ్, రైతులు అరువు తీర్చేది అప్పుడే, మనిషి డబ్బులు పట్టుకొచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే ఆయన బాకీ ఎంతో మనం చెప్పలేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా డేటా మాకివ్వండి అంటే పీడీఎఫ్‌లు పంపారు, ఎక్సెల్ రాదంట, అంటే ఇంకోదాంట్లోకి మార్చాలంటే మొత్తం మళ్ళీ కొట్టుకోవాల్సిందే. యూరియా, డీఏపీ లెక్క సబ్సిడీ ఎరువులు అమ్మే సర్కారు ఈ-పాస్ మిషన్‌లో ఉంది కాబట్టి సరిపోయింది, అరువు ఖాతాలు, పురుగుమందుల బ్యాచ్ నంబర్లు అన్నీ వాళ్ళ సర్వర్లోనే.

ఇంకోటి, అందరికీ ఒకటే లాగిన్. పాత బిల్లు ఎవరు తెరిచి మార్చినా ఆ మార్పు ఎక్కడా కనపడదు. ఒక రైతుకి మేం రాసిచ్చిన చీటీకీ కంప్యూటర్లో బాకీకీ తేడా వచ్చింది, చీటీ మీద నాన్న సంతకం ఉంది కాబట్టి చీటీలో లెక్కే తీసుకున్నాం, చీటీ పోగొట్టుకున్నోళ్ళకి అన్యాయం జరిగితే మనకి తెలిసేదెట్లా? కంపెనీలకైతే మార్పుల రికార్డు ఉండే సాఫ్ట్‌వేరే వాడాలని 2023 ఏప్రిల్ 1 నుంచి రూల్ ఉంది, ఆ కంపెనీల రూల్ మన సొంత షాపులకి వర్తించదు, అయినా మార్పుల రికార్డు ఉండే సాఫ్ట్‌వేర్ మనమే అడిగి తీసుకోవాలి.

జీఎస్టీ లెక్కలు యాన్యువల్ రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. నోటీసొస్తే లాగిన్ ఆపేశారండీ అంటే కుదరదు, జవాబు మనమే చెప్పాలి.

డెమోకి వచ్చినప్పుడే పార్టీల బాకీలు, స్టాకు మీ కళ్ళముందే ఎక్సెల్‌లోకి తీసి చూపించమనండి, గుమస్తాకి వేరే లాగిన్ ఉందా, రెన్యూవల్ కట్టకపోయినా పాత లెక్క చూసుకోనిస్తారా, అది కాగితం మీద రాయించుకోండి. ఒక పంట కాలం మొత్తం పుస్తకం కూడా రాయండి, రైతుకి చీటీ ఇవ్వడం మానొద్దు. ఎక్సెల్ తర్వాత ఇస్తాం అంటే అడ్వాన్స్ ఇవ్వకండి.