ఐట్రిపుల్‌ఈ సభ్యత్వ శ్రేణులు: ఉత్తరాంధ్ర ఇంజినీరు ఎందులో చేరవచ్చు?

కళాశాలకు అక్రిడిటేషన్ బృందం రాబోతోందంటే చాలు, వృత్తి సంఘాల సభ్యత్వాలు అందరికీ ఒక్కసారిగా గుర్తుకు వస్తాయి. విజయనగరం, రాజాం, టెక్కలి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల్లో చాలామంది అధ్యాపకులు ఒక్కసారి రుసుము కట్టి భారత సాంకేతిక విద్యా సంఘమైన ఐఎస్‌టీఈలో జీవితకాల సభ్యత్వం తీసుకుని ఊరుకుంటారు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ వృత్తి సంఘమైన ఐట్రిపుల్‌ఈ అలా కాదు. రుసుము ఏటా కట్టాలి కనుక, ఏ శ్రేణిలో చేరుతున్నామో, ఆ శ్రేణికి హక్కులు ఏమిటో, పై శ్రేణికి ఎప్పుడు వెళ్లగలమో తెలుసుకున్న తరువాతే చేరడం మంచిది. ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే సభ్యుడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. అర్హత నిబంధనలు మన జిల్లాల్లో అనుకునేంత కఠినమైనవి కావు. అవి చదువుకిచ్చే విలువ చేసిన పనికీ ఇస్తాయి. ఆ సంగతి తెలియక అర్హులైనవారే దరఖాస్తు జోలికి పోవడం లేదు.

1884లో ఏర్పడిన ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంఘం, 1912లో ఏర్పడిన రేడియో ఇంజినీర్ల సంఘం 1963లో విలీనమై ఐట్రిపుల్‌ఈ అయింది. పుట్టుక అమెరికాలోనే అయినా సభ్యత్వానికి దేశంతో నిమిత్తం లేదు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వారికే పరిమితమన్న అపోహ కూడా సరైనది కాదు. సంఘం గుర్తించిన రంగాల్లో కంప్యూటర్ సైన్స్, భౌతిక శాస్త్రం, గణితం, జీవ వైద్య శాస్త్రాలు కూడా ఉన్నాయి.

విద్యార్థి సభ్యత్వం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. పూర్తికాలపు చదువులో కనీసం సగం భారం మోస్తున్న విద్యార్థి ఎవరైనా చేరవచ్చు, రుసుము తక్కువ, సంఘం ఎన్నికల్లో ఓటు మాత్రం ఉండదు. ఎంటెక్, పీహెచ్‌డీ చేస్తున్నవారి శ్రేణి వేరు, వారికి ఓటు ఉంటుంది. యంగ్ ప్రొఫెషనల్స్ అనేది ఒక శ్రేణి అని మా విద్యార్థులు పొరబడుతుంటారు. అది మొదటి పట్టా పుచ్చుకుని పదిహేనేళ్లు దాటని సభ్యుల బృందమే తప్ప శ్రేణి కాదు.

అసలు చూడవలసింది మెంబర్ శ్రేణి. దీనికి మూడు దారులున్నాయి. గుర్తించిన రంగంలో మూడు నుంచి ఐదేళ్ల విశ్వవిద్యాలయ పట్టా ఉంటే నేరుగా చేరవచ్చు. పట్టా వేరే రంగానిదైతే, గుర్తించిన రంగంలో కనీసం మూడేళ్లు పనిచేసి ఉండాలి. మూడో దారిని మనవాళ్లు దాదాపు పట్టించుకోరు: కనీసం ఆరేళ్ల వృత్తి అనుభవంతో ఆ రంగంలో సామర్థ్యం చూపినవారు పట్టా లేకపోయినా అర్హులే. పాలిటెక్నిక్ డిప్లొమాతో చేరి, గరివిడిలోని ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో ఫర్నేస్ ట్రాన్స్‌ఫార్మర్లు, రిలేలు, బ్రేకర్ల నిర్వహణ ఏళ్ల తరబడి చూస్తున్న మనిషిని తీసుకోండి. ‘మాకు బీటెక్ లేదు కదా సార్’ అని అటువంటివారు ముందే తప్పుకుంటారు. నిబంధన ఆ మాట అనడం లేదు. ఈ మూడింటిలో ఏ దారీ కుదరనివారికి అసోసియేట్ శ్రేణి ఉంది. పత్రిక, రాయితీలు దొరుకుతాయి, ఓటు దొరకదు. అర్హత ఉండి కూడా తొందరపాటుతో అసోసియేట్‌గా చేరడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సీనియర్ మెంబర్ స్థాయికి పదేళ్ల వృత్తి అనుభవం కావాలని మాత్రం అందరికీ తెలుసు. ఆ పదేళ్లలో చదువు కూడా కలుస్తుందని తెలిసినవారు తక్కువ. బీటెక్‌కు మూడేళ్లు, ఎంటెక్ కూడా ఉంటే నాలుగేళ్లు, డాక్టరేట్ ఉంటే ఐదేళ్లు లెక్కలోకి తీసుకుంటారు. అంటే బీటెక్ ఒక్కటే ఉన్న ఇంజినీరుకు ఏడేళ్ల ఉద్యోగం సరిపోతుంది. ఆ కాలంలో కనీసం ఐదేళ్లపాటు చెప్పుకోదగ్గ పనితీరు చూపి ఉండాలన్న రెండో షరతు దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే పనితీరు అనగానే మనకు పరిశోధన పత్రాలే గుర్తుకు వస్తాయి. పత్రాలు ఒక రుజువు మాత్రమే. గణనీయమైన ఇంజినీరింగ్ బాధ్యత మోయడం, సాంకేతిక నాయకత్వం వహించి ఫలితం చూపడం, కళాశాలలో కొత్త కోర్సు రూపొందించి బోధించడం కూడా రుజువులే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. ఏ ఫీడరు ముందు నిలబెట్టాలి, ఏ సబ్‌స్టేషన్‌కు ఎటు నుంచి సరఫరా ఇవ్వాలి అని నిర్ణయించి, మనుషులనూ సామగ్రినీ సమకూర్చి ఆ లైన్లు తిరిగి నిలబెట్టించిన ఇంజినీరు దరఖాస్తులో రాసుకోవలసింది సరిగ్గా అదే. ‘అది డ్యూటీయే కదా’ అని వదిలేసి, ఎప్పుడో హాజరైన సదస్సు ధ్రువపత్రం జతచేస్తే ప్రయోజనం ఉండదు. హోదా పేరు కాదు, ఆ హోదాలో మీరేం చేశారో వాక్యాల్లో రాయాలి.

మనకు నిజంగా ఇబ్బంది కలిగించే నిబంధన సిఫారసులది. సీనియర్ మెంబర్, ఫెలో లేదా ఆనరరీ మెంబర్ స్థాయిలో ఉన్న ముగ్గురు మీ గురించి రాయాలి. మొత్తం సభ్యుల్లో పది శాతం దగ్గర మాత్రమే సీనియర్ మెంబర్ స్థాయి ఉంటుందని సంఘమే చెబుతుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో పక్క గదిలోనే ఒకరు దొరుకుతారు. పైడిభీమవరం ఫార్మా కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసే మనిషికి ముగ్గురు ఎక్కడ దొరుకుతారు? ఈ షరతు ప్రతిభ కన్నా పరిచయాలకు ఎక్కువ విలువ ఇస్తుందన్నది నా ఆక్షేపణ. అయితే సిఫారసు చేసేవారు మీ ఊరివారో మీ సంస్థవారో కానవసరం లేదు, ఫారం ఆన్‌లైన్‌లోనే నింపుతారు, ఎవరూ దొరకనివారు సంఘం స్థానిక శాఖ అయిన సెక్షన్‌ను అడగవచ్చు. మనకు దగ్గరలో ఉన్నది విశాఖ కేంద్రంగా నడిచే వైజాగ్ బే సెక్షన్. సీనియర్ మెంబర్ స్థాయికి అదనపు రుసుము లేదు. ఒక చెక్క ఫలకం పంపుతారు, అది గోడకు అందంగానే ఉంటుంది.

ఫెలో స్థాయికి ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు. మరొకరు ప్రతిపాదించాలి, ఏటా ఎన్నికయ్యేవారు ఓటు హక్కున్న సభ్యుల్లో వెయ్యికి ఒకరిని మించకూడదు. లైఫ్ మెంబర్ అన్న పేరు చూసి ఐఎస్‌టీఈ తరహాలో కొనుక్కునేదనుకోవద్దు. వయసు 65 నిండాలి, వయసూ సభ్యత్వపు సంవత్సరాలూ కలిపి కనీసం 100 కావాలి. పాతికేళ్లకు చేరినవారికి 65కే అది వస్తుంది, నలభైలో చేరినవారు డెబ్బై దాకా ఆగాలి.

సభ్యత్వం తీసుకుంటే సంఘం ఆన్‌లైన్ గ్రంథాలయమైన ఎక్స్‌ప్లోర్‌లోని పరిశోధన పత్రాలన్నీ ఉచితంగా చదువుకోవచ్చన్న ప్రచారాన్ని నమ్మవద్దు, దానికి చందా వేరు. పవర్ అండ్ ఎనర్జీ వంటి అనుబంధ సొసైటీలకూ రుసుము వేరే. సదస్సుల రుసుములో రాయితీ, నెలనెలా స్పెక్ట్రమ్ పత్రిక మాత్రం ఖాయం. సభ్యత్వ సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకు. మార్చి 1 నుంచి ఆగస్టు 15 లోపు కొత్తగా చేరేవారు ఆ ఏడాదికి సగం రుసుమే కడతారు. ఆగస్టు 16 తరువాత చేరితే పూర్తి రుసుము కట్టాలి, కానీ సభ్యత్వం మరుసటి ఏడాది డిసెంబరు దాకా నడుస్తుంది కనుక కొత్తవారికి నేను సూచించేది ఆ రోజులే.