కొత్త సోషల్ మీడియా యాప్: అందరినీ ఒకేసారి పిలవడం మేలా, కొందరితో మొదలుపెట్టడం మేలా?

ఒక కొత్త యాప్‌లో చేరిన మొదటిరోజు నాకింకా గుర్తుంది. కాంటాక్ట్స్ వెతికితే తెలిసినవాళ్లు ముగ్గురే దొరికారు. ముగ్గురికీ ఫొటో లేదు, బూడిదరంగు బొమ్మే. నేను పెట్టిన పోస్టుకు రెండు రోజులైనా ఒక్క లైకూ రాలేదు. మూడోరోజు యాప్ తెరవలేదు. కొత్త యాప్‌లు చాలావరకు చతికిలబడేది ఆ ఖాళీ తెర దగ్గరే.

దాన్ని జనంతో నింపేయడం ఒక దారి. 2011లో వచ్చిన గూగుల్ సోషల్ మీడియా, గూగుల్ ప్లస్, చేసింది అదే. అంత పెద్ద కంపెనీ వెనకున్నా మనుషులు నిలవలేదు. జనం దాన్ని తెరిచిన ప్రతి వంద సార్లలో 90 సార్లు అయిదు సెకన్లలోపే ముగిసేవని 2018లో గూగులే చెప్పింది, మరుసటి ఏడాది మూసేసింది. ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా 2023లో తెచ్చిన థ్రెడ్స్ మాత్రం అయిదు రోజుల్లో 10 కోట్లమందిని చేర్చుకుని నిలబడింది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాతోనే లోపలికి వెళ్లొచ్చు, అక్కడ ఫాలో అయ్యేవాళ్లను ఇక్కడికీ తెచ్చుకోవచ్చు. అంత జనం ముందే చేతిలో ఉన్నవాళ్లకే ఈ దారి.

రెండోది, కొందరికి ఒక్క పని బాగా చేసిపెట్టడం. 2015లో డిస్కార్డ్ అనే యాప్, గేమ్స్ ఆడేవాళ్లు ఆడుతూ మాట్లాడుకోవడానికే వచ్చింది. నలుగురు మిత్రులుంటే చాలు, అది ఆ రాత్రే పనికొచ్చేది. మిగతా ప్రపంచం చేరిందా లేదా అని వాళ్లకెందుకు? టిక్‌టాక్‌కు ఆ నలుగురు కూడా అక్కర్లేదు. ఎవరినీ ఫాలో కాకముందే వీడియోలు వస్తాయి, ఏది ఎంతసేపు చూశామో గమనించి తర్వాతివి చూపిస్తుంది.

నా ఓటు రెండోదానికే. అయితే ఆ పని పెద్దవాళ్లు ఇట్టే కాపీ కొట్టగలిగేది కాకూడదు. రోజుకోసారి, రెండు నిమిషాల గడువులో, ముందు వెనక కెమెరాలతో ఒకే ఫొటో అన్నది బీరియల్ అనే యాప్ ఆలోచన. 2022లో అది ఊపందుకోగానే టిక్‌టాక్ అదే పద్ధతిని టిక్‌టాక్ నౌ పేరుతో తెచ్చేసింది. బటన్‌ను కాపీ కొట్టొచ్చు గానీ, రోజూ రాత్రి కలిసి ఆడుకునే నలుగురిని ఎలా కాపీ కొడతారు?

వేర్వేరు వాళ్లు నడిపే సర్వర్లన్నీ కలిసి ఒకే నెట్‌వర్క్‌గా ఉండే మాస్టొడాన్‌ను ఈ రెండింటిలో దేనిలోనూ కలపలేను. అందులో సర్వర్ మారినా ఫాలోవర్లు మనతోనే వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు. ఆ సగం సౌకర్యం కూడా పెద్ద వేదికల్లో లేదు. అన్నిచోట్లా ఉండి ఉంటే, ఆ మూడోరోజు నాకు అంత ఖాళీగా అనిపించేది కాదు.