ముందు బావి, తర్వాత పిరమిడ్: యుకతాన్ యాత్రా అనుభవాలు

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు చలికాలం సెలవుల్లో మెక్సికోలోని కాంకూన్ దాదాపు పక్క ఊరైపోయింది. హ్యూస్టన్, డల్లాస్‌ల నుంచి మూడు గంటల్లోపే విమానం దించేస్తుంది. హోటల్లో అడుగుపెట్టగానే చేతికందే కరపత్రాలన్నీ ఒకే మాట చెబుతాయి: ఒక్క రోజులో ఈ ప్రాంతపు ప్రాచీన ప్రజలైన మాయా వాళ్ల నగరం చిచెన్ ఇట్సాలో పిరమిడ్, సెనోటే అనే సహజమైన నీటి గుంతలో ఈత, బఫే భోజనం, వయ్యదోలిద్ పట్టణంలో కాసేపు షికారు. శిథిలాలనూ నీటినీ కలిపి చూపించాలన్న ఆలోచన చాలా మంచిది. కానీ ఆ యాత్రల్లో సెనోటే అంటే ఎండకు సొమ్మసిల్లిన వాళ్లకు ఇచ్చే స్నాన విరామమే. అసలు సంగతి అది కాదు. ఆ నీళ్లు ఉన్నాయి కాబట్టే ఆ నగరం ఉంది. ఆ సంబంధం తెలిసేలా తిప్పే యాత్రకే డబ్బు పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

కాంకూన్ ఉన్న యుకతాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేల మీద పారే నది ఒక్కటీ లేదు. అంతా సున్నపురాయి. పడిన వాన పడినట్టే ఇంకిపోయి, లోపల గుహల్లో ఏరులై పారుతుంది. ఎక్కడైనా గుహ పైకప్పు కూలితే అక్కడ నేలలో పెద్ద గుంత ఏర్పడి, అడుగున నీళ్లు బయటపడతాయి. అదే సెనోటే. ద్వీపకల్పం వాయవ్య భాగంలో ఇవి వలయాకారంలో వరస కట్టి ఉన్నాయి. 6.6 కోట్ల ఏళ్ల క్రితం పడిన గ్రహశకలం చేసిన చిక్షులూబ్ బిలం అంచు అది. రాక్షసబల్లుల కాలాన్ని ముగించింది ఆ దెబ్బే. మా నాన్నగారిది తాడిపత్రి వైపు. మొదటి సెనోటే అంచున నిలబడి తొంగిచూసి, "బెలుం గుహల్లో పాతాళగంగ ఉంది చూడు, దాని పైకప్పు కూలితే ఇలాగే ఉంటుందిరా" అన్నారు. అక్కడిదీ ఇక్కడిదీ సున్నపురాయే. నీరు తొలిచిన తీరూ ఒకటే.

కాంకూన్ నుంచి వెళ్లే పెద్ద బస్సు యాత్ర మేమూ చేశాం, నాన్నగారు రాకముందు. దూరం 200 కిలోమీటర్లు. హోటళ్లన్నీ తిరిగి జనాన్ని ఎక్కించుకుని హైవే ఎక్కేసరికే చాలా పొద్దెక్కింది. దారిలో ఒక చేతివస్తువుల దుకాణం దగ్గర చాలాసేపు ఆపారు. చిచెన్ ఇట్సాలో అడుగుపెట్టేటప్పటికి నడినెత్తిన ఎండ, ఎటు చూసినా బస్సులే. అన్నీ కలిపిన ధర అని చెప్పి, ప్రవేశ రుసుము మాత్రం బస్సులో విడిగా వసూలు చేశారు. ఇక్కడ విదేశీయులకు టికెట్లు రెండు: ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, రెండోది యుకతాన్ రాష్ట్రానిది. రెండూ కలిస్తే పెద్ద మొత్తమే. కాబట్టి డబ్బు కట్టేముందు ఈ రెండూ కలిసి ఉన్నాయా, సెనోటే టికెట్టు, లాకరు, లైఫ్ జాకెట్ల అద్దె అందులోవేనా అని తేల్చుకోవాలి. ఆ రోజు పిరమిడ్ దగ్గర మాకు మిగిలిన సమయం ఫొటోలకే సరిపోయింది. చిన్నపిల్లలున్నవారికి, కారు నడపడం ఇష్టం లేనివారికి ఈ బస్సులు సౌకర్యమే, కాదనను. చూడటానికి వచ్చిన వాటిని నిజంగా చూడాలనుకునేవారికి మాత్రం సరిపోవు.

నాన్నగారితో వెళ్లినప్పుడు వయ్యదోలిద్‌లో బస చేశాం. ఇక్కడ గడియారం సంగతి ఒకటుంది. కాంకూన్ ఉన్న కింతానా రో రాష్ట్రం కంటే యుకతాన్ రాష్ట్రం ఒక గంట వెనక నడుస్తుంది. చిచెన్ ఇట్సా తలుపులు తెరిచేది యుకతాన్ సమయం ప్రకారం ఉదయం 8 గంటలకు. వయ్యదోలిద్ నుంచి అది 45 కిలోమీటర్లే. కాఫీ తాగి నింపాదిగా బయలుదేరినా, గేటు తెరిచేసరికి మీరక్కడ ఉంటారు. మొదటి గంటన్నర ఆ ఆవరణ దాదాపు ఖాళీ. ఆ సమయం ఎంత డబ్బు పెట్టినా మధ్యాహ్నం దొరకదు.

వయ్యదోలిద్ స్పానిష్ వాళ్లు 1543లో స్థాపించిన ఊరు. పసుపు, గులాబీ, నీలి రంగు గోడల పాత ఇళ్లు, 16వ శతాబ్దపు శాన్ బెర్నార్దీనో మఠం, ఊరి నడిబొడ్డున సాసీ అనే సెనోటే. మేము దిగిన చిన్న హోటల్ మధ్యలో చెట్లున్న మండువా ఇల్లు. గదులు పెద్దవి కావు, వేడినీళ్లు కాస్త ఆలస్యంగా వచ్చేవి. అయినా కాంకూన్ తీరంలోని పెద్ద రిసార్టులో దొరకనిది ఇక్కడ దొరికింది: సాయంత్రం బయటికి వస్తే ఊరే కనిపిస్తుంది. కాంకూన్ నుంచి ఏడీఓ బస్సులు శుభ్రంగా, వేళకు నడుస్తాయి. 2023 డిసెంబరు నుంచి మాయా రైలు కూడా ఉంది కానీ స్టేషన్లు ఊళ్లకు దూరంగా ఉన్నాయి, అక్కడి నుంచి మళ్లీ బండి చూసుకోవాలి.

గైడును చిచెన్ ఇట్సా గేటు దగ్గరే మాట్లాడుకున్నాం. మెడలో ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉన్నవారినే తీసుకోవాలి. మాకు దొరికిన పెద్దాయన మాతృభాష మాయా. చుట్టుపక్కల గ్రామాల్లో ఆ భాష ఇంకా ఇళ్లలో వినిపిస్తుంది. ఆయన మమ్మల్ని పిరమిడ్ దగ్గర ఆపకుండా నేరుగా ఉత్తరం వైపు తెల్లరాతి బాట మీద నడిపించారు. "ముందు బావి చూడండి, తర్వాత గుడి" అన్నారు. దాదాపు 300 మీటర్లు నడిస్తే పవిత్ర సెనోటే. సుమారు 60 మీటర్ల వెడల్పు, నిలువు గోడలు, అడుగున ఆకుపచ్చని నిశ్చలమైన నీరు. ఇందులో ఈతకు అనుమతి లేదు, ఉండకూడదు కూడా. వానదేవుడు చాక్‌కు బంగారం, పచ్చరాళ్లు, ధూపద్రవ్యం, మనుషులను అర్పించిన చోటు ఇది. ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ కాన్సుల్ 1904 నుంచి దీని అడుగు తోడించి, దొరికినవాటిని హార్వర్డ్ పీబాడీ మ్యూజియానికి చేరవేశాడు. కొన్ని మాత్రమే తర్వాత మెక్సికోకు తిరిగొచ్చాయి. మన దేవాలయ విగ్రహాల కథలు తెలిసినవారికి ఈ ముక్క వినగానే మనసు చివుక్కుమంటుంది. తాగునీటికి ఇంకో సెనోటే ఉండేది, ఇష్‌తొలోక్. ఒకటి దేవుడికి, ఒకటి దాహానికి. ఈ రెంటి మధ్యే నగరం పెరిగింది.

వెనక్కి వచ్చి పిరమిడ్ ముందు నిలబడితే అప్పుడు దాని అర్థమే మారిపోయింది. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన గుడి అరుగు ఒకటి, కలిపి 365. లోపల ఇంకో పిరమిడ్, దానిలోపల మరొకటి. దాని అడుగున కూడా నీటి గుహ ఉందని మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2015లో బయటపెట్టారు. మెట్ల ముందు నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వని పక్షి కూతలా తిరిగొస్తుంది. గైడు అది కెట్సాల్ పక్షి గొంతు అంటారు. మా అమ్మాయి అక్కడి నుంచి కదలనంది. పిరమిడ్ ఎక్కడం ఎప్పుడో ఆపేశారు, మెట్ల చుట్టూ తాడు కట్టి ఉంటుంది.

బంతి ఆట మైదానం 168 మీటర్ల పొడవు. గోడ అడుగున చెక్కిన శిల్పాల దగ్గర గైడు మోకాళ్ల మీద కూర్చుని వేలితో చూపించారు: తల తెగిన ఆటగాడు ఒక మోకాలు వంచి ఉన్నాడు, మెడ నుంచి చిమ్మిన రక్తం పాములుగానూ పూలతీగగానూ మారుతోంది. బస్సుతో వెళ్లిన రోజు ఈ గోడ పక్కనే నడిచాం, ఎవరూ చెప్పలేదు. బలుల గురించి ఆయన ఏదీ దాచలేదు, పెంచి చెప్పలేదు. పవిత్ర సెనోటేకు దగ్గరలోని ఒక నేలమాళిగలో 1967లో దొరికిన ఎముకల్లో 64 మంది డీఎన్ఏ పరీక్షిస్తే అందరూ మగపిల్లలే అని, వారిలో కవలలూ ఉన్నారని 2024లో తేలింది. కన్యలను బలి ఇచ్చేవారన్న పాత కథను ఇంకా చెప్పే గైడులు ఉన్నారు. బలి ఇచ్చింది ఎవరిని అన్న ఈ ఒక్క ప్రశ్న అడిగితే మీ గైడు చదువుతున్నారో లేదో తెలిసిపోతుంది.

తొమ్మిదిన్నర దాటేసరికి దారుల పొడవునా అంగళ్లు తెరుచుకుంటాయి. జాగ్వార్ అరుపు వినిపించే మట్టి ఈలలు ఊది పిల్లలను పిలుస్తుంటారు. పదకొండుకు మేము బయటపడ్డాం, అప్పుడే కాంకూన్ బస్సులు వస్తున్నాయి.

ఈతకు దగ్గరలో ఉన్నది ఇక్ కిల్ సెనోటే, మూడు కిలోమీటర్లు. నేలకు 26 మీటర్ల కింద నీళ్లు, పైనుంచి చెట్ల వేళ్లు తెరలా వేలాడతాయి. అందంలో దీనికి సాటి తక్కువ. కానీ పెద్ద బస్సులన్నీ ఇక్కడికే వస్తాయి. మధ్యాహ్నం నీళ్లలో చోటు కోసం వెతుక్కోవాలి. అందుకే మేము వెనక్కి వయ్యదోలిద్ వైపు వచ్చి జ్నీత్‌నూప్ గ్రామం దగ్గర ఆగాం. అక్కడ ఒకే ఆవరణలో రెండు సెనోటేలు: ఇష్‌కెకెన్, సమూలా. రెండూ మూసిన గుహలే. సమూలాలో పైకప్పుకు చిన్న కంత, అందులోంచి చెట్టు వేరు సన్నగా నీటిదాకా దిగుతుంది. ఎండ ఆ కంతలోంచి నీటి మీద పడితే అడుగు దాకా నీలంగా వెలుగుతుంది. చిన్న నల్ల చేపలు కాళ్ల చుట్టూ తిరుగుతాయి. మెట్లు తడిగా, జారుడుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కష్టం. నాన్నగారు చివరి మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టారు. నీటిలోకి దిగేముందు షవరు తప్పనిసరి, సన్‌స్క్రీన్ రాసుకోకూడదు. ఈ నియమాన్ని మనస్ఫూర్తిగా పాటించాలి, ఆ చుట్టుపక్కల మనుషులు తాగేదీ ఆ భూగర్భ జలమే. ఓష్‌మన్ అనే సెనోటే పైకప్పు పూర్తిగా తెరిచి ఉంటుంది, తాడు పట్టుకుని నీళ్లలోకి ఊగి దూకవచ్చు, యువతకు నచ్చుతుంది. ఫొటోల్లో అందరూ చూసే సుయ్‌తున్ మాత్రం నాకు నచ్చలేదు. నడుమ ఉన్న రాతి వేదిక మీద ఫొటో దిగడానికి వరుస కట్టాలి, ఈతకు ఉత్సాహం మిగలదు.

కానీ ఒకే ఒక్క చోటికి వెళ్లే వీలుందంటే నేను చెప్పేది ఎక్ బాలమ్ అనే మాయా శిథిల నగరం. వయ్యదోలిద్‌కు ఉత్తరాన అరగంట ప్రయాణం. రుసుము తక్కువేమీ కాదు, కానీ జనం తక్కువ, అంగళ్ల గోల లేదు. 31 మీటర్ల ఎత్తైన కోట మీదకు మేము వెళ్లినప్పుడు ఎక్కనిచ్చారు. సగం ఎత్తులో, తాటాకు కప్పు కింద, క్రీ.శ. 770 నుంచి పాలించిన రాజు ఉకిత్ కాన్ లెక్ తోక్ సమాధి ఉంది. ద్వారమంతా నోరు తెరిచిన భీకర ముఖం. కింది దవడ కోరలు గడప ముందు వరుసగా నిలబడి ఉంటాయి. సున్నపు గారతో మలిచిన ఆ బొమ్మల వేళ్లు, నడుం పట్టీల ముడులు కూడా చెక్కుచెదరలేదు. మాయా వాళ్లే దాన్ని రాళ్లూ మట్టీ కప్పి పూడ్చిపెట్టడం వల్ల ఇంతకాలం నిలిచింది. ఇక్కడి నుంచి కిలోమీటరున్నర దూరంలో ఇష్‌కాన్‌చే సెనోటే, నడిచి గానీ సైకిల్ మీద గానీ వెళ్లవచ్చు. చుట్టూ చెక్క నడకదారి, పైకి ఆకాశం. నడిపేది స్థానిక గ్రామస్థులే. శిథిలం, అడవి బాట, నీళ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, మధ్యలో బస్సు ఎక్కే పనే లేదు.

తీరంలోని తులుమ్ వైపు బస చేసేవారికి కోబా శిథిలాలు దగ్గర. అడవిలో విస్తరించిన నగరం కాబట్టి లోపల సైకిళ్లు, తొక్కుడు రిక్షాలు అద్దెకు దొరుకుతాయి. పెద్దవారికి ఇది మంచి ఏర్పాటు. కోబా పక్కన ఉన్న సెనోటేల్లో తమ్‌కచ్‌-హా లోతైనది, చో-హా పిల్లలకు అనువైనది.

తిండి విషయం. యుకతాన్ వంటలో పంది మాంసానిదే రాజ్యం. శాకాహారమని చెప్పినా బీన్స్‌లో పంది కొవ్వు ఉండవచ్చు. "సిన్ కార్నే, సిన్ మాంతెకా" అంటే మాంసమూ కొవ్వూ వద్దని అర్థం, ఈ రెండు ముక్కలు నేర్చుకుంటే చాలు. నాన్నగారు సిక్కిల్ పాక్‌తోనే కడుపు నింపుకున్నారు. వేయించిన గుమ్మడి గింజలు, కాల్చిన టమాటా, హబనేరో మిరపకాయ కలిపి నూరేది, అచ్చం మన రోటి పచ్చడి. వేడి మొక్కజొన్న రొట్టెతో తిన్నారు. బస్సు యాత్రల బఫేలో మాకది కనిపించలేదు.

చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయులకు మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. అందుకే ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులను తీసుకెళ్లడం సులువు. అమెరికాకు తిరిగి రావడానికి ఆ వీసా మళ్లీ పనికివస్తుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. చిన్న సెనోటేల దగ్గర నగదు పెసోలే నడుస్తాయి. నవంబరు నుంచి మార్చి మొదలు వరకు వాతావరణం బాగుంటుంది, ఏప్రిల్, మే ఎండలు మన కర్నూలు ఎండలకు తీసిపోవు. ఆదివారాలు స్థానికులకు ఉచిత ప్రవేశం కాబట్టి రద్దీ. మార్చి 20, 21 తేదీల్లో పిరమిడ్ మెట్ల పక్కన పాము దిగుతున్నట్టు పడే నీడను చూడటానికి వేలమంది వస్తారు. ఆ నీడ అంతకు కొద్ది రోజుల ముందూ వెనకా కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది, సాయంత్రం వేళ ఆగగలిగితే ఆ ముందూ వెనకా రోజుల్లోనే వెళ్లండి.