షాద్‌నగర్ రోడ్డు విల్లా: ఆరేండ్ల వాడకం తర్వాత

బ్రోషర్‌లో "గచ్చిబౌలికి 45 నిమిషాలు" అని ఉంటుంది. అబద్ధం కాదు గానీ, పొద్దున ఆరున్నర లోపు గేటు దాటినవాళ్లకే అది నిజం. ఎనిమిదిన్నరకు బయల్దేరితే గంటన్నర చేతిలో పెట్టుకోవాలి. హైదరాబాద్‌కు దక్షిణాన, కొత్తూరు, షాద్‌నగర్ మధ్య హైవే నుంచి కొంచెం లోపలికి ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో ఆరేండ్లు ఉన్నాక రాస్తున్న సమీక్ష ఇది. ఇల్లు, క్లబ్‌హౌస్, పార్కు బాగుంటాయి, వాటి సంగతి బిల్డరే చెప్తాడు. ఇక్కడ బతుకును తేల్చేవి రెండే: రోడ్డు, నీళ్లు.

ముందు రోడ్డు. మీ ఆఫీసు ఎటువైపో చూసుకోండి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపైతే 44వ నంబరు హైవే మీద వచ్చి తొండుపల్లి దగ్గరే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కేయొచ్చు, శంషాబాద్ ఊళ్లోకి పోయే పనే లేదు. మెహిదీపట్నం, చార్మినార్, కోఠి వైపైతే శంషాబాద్, గగన్‌పహాడ్, ఆరాంఘర్ అన్నీ దాటాలి. ఆరాంఘర్ నుంచి మెహిదీపట్నం దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, జూపార్క్ వైపు 2025 జనవరిలో తెరిచిన ఫ్లైఓవర్ ఉన్నాయి. కానీ టైమంతా తినేది ఆరాంఘర్‌కు ముందు ముక్కే. ఒకే దూరం, ఒకే ధర ఇండ్లు, ఆఫీసు దిక్కు మారితే రోజుకు గంట తేడా. బైకు మీద తిరిగేవాళ్లకు ఇంకో ముచ్చట: ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్‌ను రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి.

గచ్చిబౌలికి పోయిరావడం నూరు కిలోమీటర్ల దగ్గర పడుతుంది. లీటరుకు 15 ఇచ్చే కారైతే ఏడు లీటర్ల పెట్రోలు, అంటే రోజుకు ఏడు వందల పైనే. ఓఆర్ఆర్ టోల్ రెండు పూటలా అదనం. ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకుని ఓఆర్ఆర్‌లో కూడా నడుస్తుందనుకునేవాళ్లు చాలామంది. అది నేషనల్ హైవే టోల్‌గేట్లకే. షాద్‌నగర్ దాటాక వచ్చే రాయికల్ టోల్‌కు పనికొస్తుంది, అంటే జడ్చర్ల, మహబూబ్‌నగర్ ఎక్కువ తిరిగేవాళ్లకే లాభం. వారానికి రెండు మూడు రోజుల ఆఫీసైతే ఈ లెక్క మోయొచ్చు. ఆరు రోజులైతే వద్దనే చెప్తాను.

రైలును తీసిపారేయకండి. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ లైను డబ్లింగ్ అయ్యాక క్రాసింగ్ కోసం ఆగడం తగ్గింది. కాచిగూడ, సికింద్రాబాద్ వైపు పనులున్నవాళ్లకు షాద్‌నగర్ స్టేషన్ కారు కంటే మేలు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు మాత్రం ఉందానగర్ దగ్గరే ఆగిపోయింది, అదీ ఫలక్‌నుమా, కాచిగూడ, సికింద్రాబాద్ అన్నీ చుట్టుకుని లింగంపల్లి చేరుతుంది. ఐటీ ఉద్యోగికి దానితో పని లేదు.

ఇక నీళ్లు. ఇది రాతినేల. బోరు నీళ్లు బండ పగుళ్లలోంచి రావాల్సిందే, ఏప్రిల్, మే వచ్చేసరికి ఒక్కో బోరూ గాలి కొడుతుంది. అప్పుడు ట్యాంకర్లే దిక్కు. మెయింటెనెన్స్ చదరపు అడుగుకు మూడు రూపాయలనుకుంటే మూడు వేల అడుగుల ఇంటికి నెలకు తొమ్మిది వేలు. ఎండాకాలం ట్యాంకర్ల డబ్బు అందులో కలిసిందో, వేరే వసూలు చేస్తారో కొనేముందే అడగండి.

నీళ్లు బాగా గట్టివి. గీజర్ రాడ్‌కు తెల్లటి పెచ్చు కట్టి, కరెంటు ఎక్కువ లాగి, చివరికి కాలిపోతుంది. ఇంటింటా సాఫ్టెనర్ (నీళ్లను మెత్తబరిచే మిషన్) పెట్టుకుంటారు, సగం మంది దాన్ని తప్పుగా వాడతారు. లెక్క ఇదీ: 25 లీటర్ల రెజిన్ (గట్టిదనాన్ని పట్టుకునే గుళికలు) ఉన్న మిషన్, 500 పీపీఎం హార్డ్‌నెస్ నీళ్లను సుమారు రెండున్నర వేల లీటర్ల దాకా మెత్తబరుస్తుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు ఎనిమిది వందల లీటర్లు వాడితే మూడు రోజులకు ఒకసారి రీజనరేషన్, అంటే ఉప్పునీళ్లతో రెజిన్‌ను కడగడం, చేయాలి, ప్రతిసారీ నాలుగు కిలోల ఉప్పు. నెలకు నలభై కిలోలన్నమాట. అమ్మేవాడు వారానికి ఒకసారి చాలంటాడు, మిగతా నాలుగు రోజులు గట్టినీళ్లే పోతుంటాయి. ఆ తర్వాత మిషన్ పనిచేయట్లేదని గొడవ. ఇంకొకటి, సాఫ్టెనర్ నీళ్లలో సోడియం చేరుతుంది, మొక్కలకు పోయొద్దు. తోట లైను సాఫ్టెనర్‌కు ముందు నుంచే తీయించుకోండి.

ఎస్టీపీ (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) పక్క విల్లా కొంచెం చవగ్గా దొరికితే ఎందుకో ఆలోచించండి. కరెంటు బిల్లు తగ్గించాలని రాత్రిపూట అందులోకి గాలి కొట్టే బ్లోయర్ ఆపేస్తారు. గాలి అందక మురుగును తినే బ్యాక్టీరియా చచ్చిపోయి కుళ్లిన గుడ్ల వాసన లేస్తుంది. మళ్లీ బ్లోయర్ వేసినంత మాత్రాన మర్నాటికి పోదు, వారాలు పడుతుంది. ఇల్లు చూడ్డానికి పొద్దున ఆరింటికి రండి, ముక్కే చెప్తుంది.

కరెంటు మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. మే గాలిదుమారాలకు మాత్రం లైన్ల మీద కొమ్మలు పడి గంటలు గంటలు పోతుంది. చాలా కమ్యూనిటీల్లో జనరేటర్ వీధి దీపాలకు, మోటార్లకే, ఇండ్లకు కాదు. 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు ఉంటే ఫ్యాన్లు, లైట్లు, వైఫై నడుస్తాయి. ఏసీ ఆశ పెట్టుకోకండి. పైకప్పు మీద సోలార్ వేసినా, బ్యాటరీతో కలిసి నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ లేకపోతే లైను పోయినప్పుడు అదీ ఆగిపోతుందని తర్వాత తెలిసి తిట్టుకునేవాళ్లున్నారు.

విమానాల మోత గురించి అందరూ అడుగుతారు. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరగా ఉంది, మనం దక్షిణాన. పెద్దగా వినబడదు. కోతులు మాత్రం వస్తాయి. సోలార్ వాటర్ హీటర్ గాజు గొట్టాల మీద కూర్చుని విరగ్గొడతాయి. కప్పు మీద మెష్ వేయించి, వంటింటి కిటికీకి గ్రిల్ పెట్టించాకే గృహప్రవేశం పెట్టుకోండి.

2016 అక్టోబరు దాకా ఇది పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లానే. కాగితం మీద రంగారెడ్డి అయినా షాద్‌నగర్ అంగడిలో మాట మారలేదు. కూరగాయలు, జొన్నలు, సీతాఫలాల కాలంలో సీతాఫలాలు అక్కడే కొనండి, గేటు లోపలి సూపర్‌మార్కెట్‌లో కాదు. గురువారం, ఆదివారం జేపీ (జహంగీర్ పీర్) దర్గాకు వచ్చే జనంతో కొత్తూరు దగ్గర బండ్లు నిలిచిపోతాయి. అంగడికో, చుట్టాలింటికో పోయే పని ఆ రోజుల్లో పెట్టుకుంటే పొద్దున తొమ్మిదిలోపే ఆ మలుపు దాటేయండి.