పదకొండు వేలకి ఒక తొండ: హైదరాబాద్ చుట్టూ మూడు ఉదయాలు

ముందు బిల్లు చెప్తాను. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల కింద ఒక రిసార్టు. గది 4,800, అదనపు పరుపు 900, మనిషికి 1,800 చొప్పున ముగ్గురికి 'బర్డ్ ఫొటోగ్రఫీ ప్యాకేజీ' 5,400. మొత్తం 11,100. దానికి దక్కింది ప్రహరీగోడ మీద ఎండ కాగుతున్న తొండ ఫొటో. అదీ మా బామ్మర్ది ఫోనుతో తీసింది. మిగతా రెండు ఉదయాలు, అమీన్‌పూర్ చెరువుకీ మంజీరకీ, ముగ్గురికీ పెట్రోలు, టిఫిన్లు, రొట్టెలు అన్నీ కలిపి 1,630 అయింది. కెమెరాలో ఉంచుకోదగ్గ ఫొటోలన్నీ ఆ 1,630లోవే.

సంక్రాంతి వెళ్లిన వారం. ఆ రోజుల్లో హైదరాబాద్ వైపు పొద్దు పొడిచేది 6:50 ప్రాంతంలో. పిట్టల ఫొటోలకి పనికొచ్చే వెలుగు అక్కణ్నుంచి గంటన్నర, మహా అయితే రెండు గంటలు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడే వెలుగు పిట్ట ముఖం మీద పక్క నుంచి పడుతుంది, కంట్లో చిన్న మెరుపు వస్తుంది. తొమ్మిది దాటితే కన్ను నల్ల చుక్కై కూర్చుంటుంది, ఎంత ఖరీదు లెన్సు పెట్టినా ప్రాణం లేని ఫొటోనే. ఇదేమంత రహస్యం కాదు. కానీ 'సూర్యోదయం సెషన్' అని అమ్మిన రిసార్టువాళ్ల గేటు తీసేదే ఏడింటికి. వాచ్‌మన్ తాళంచెవి వెతికి, గైడ్ కుర్రాడు టీ తాగి బయల్దేరేసరికి 7:35.

ఇక వాళ్ల హైడ్, అంటే పిట్టలకి కనపడకుండా కూర్చుని ఫొటోలు తీసే మాటు. వెదురు తడికలు, ఆకుపచ్చ నెట్టు, ముందు 12 అడుగుల దూరంలో నీళ్ల మూకుడు, పక్కన పాతిన ఎండుకొమ్మ. చూడ్డానికి బాగానే ఉంది. కూర్చున్నాక తెలిసింది, దాని కిటికీ తూర్పుకి ఉందని. పొద్దున్న సెషన్‌కి తూర్పు ముఖంగా హైడ్ కడితే సూర్యుడు నేరుగా లెన్సులోకి కొడతాడు, కొమ్మ మీద వాలిన పిగిలిపిట్ట నల్ల బొమ్మలా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) ప్లస్ ఒకటిన్నర దాకా పెంచితే పిట్ట కనపడుతుంది గానీ వెనకంతా తెల్ల గుడ్డ ఆరేసినట్టు అవుతుంది. అదే కిటికీ పడమరకి పెట్టి ఉంటే వెలుగు మన వీపు మీదుగా వెళ్లి పిట్ట మీద పడేది.

కిటికీ ఎత్తు రెండో తప్పు. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లకి సరిగ్గా సరిపోయేలా నాలుగడుగుల మీద కోశారు. మూకుడేమో నేల మీద. అంటే తీసే ప్రతి ఫొటో పిట్ట వీపుదే. పిట్ట కన్నూ మన లెన్సూ ఒకే ఎత్తులో ఉంటేనే వెనక దృశ్యం దూరానికి జరిగి మెత్తగా కరిగిపోతుంది. అయితే అక్కడ కరగడానికి వెనక ఏముంది? మూకుడుకి మూడడుగుల వెనకే కాషాయం రంగేసిన గోడ. దూరాన్ని దగ్గరికి లాగే 600 ఎంఎం లెన్సుతో ఆ గోడ కరిగినా, ఫొటో వెనకంతా కాషాయమే.

వీటన్నిటికంటే ఒళ్లు మండించింది స్పీకరు. ఎనిమిదిన్నరకి గైడ్ జేబులోంచి బ్లూటూత్ స్పీకరు తీసి పొదలో పెట్టి, ఫోన్లో పిట్ట కూత వినిపించడం మొదలెట్టాడు. వద్దన్నాం. "గట్ల పెడ్తేనే వస్తయ్ సార్, అందరూ గిదే చేస్తరు" అన్నాడు. వస్తాయి, నిజమే. ఎందుకొస్తాయంటే తన జాగాలోకి ఇంకోటి చొరబడిందనుకుని తరమడానికి వస్తాయి. పొద్దున పురుగులు ఏరుకోవాల్సిన సమయమంతా లేని శత్రువు కోసం ఎగరడంలో పోతుంది. గూళ్ల కాలంలో అయితే ఇంకా నష్టం. అలా వచ్చిన పిట్ట ఫొటోలో కూడా తెలిసిపోతుంది: ఒళ్లు బిగబట్టి, మెడ చాచి ఉంటుంది. బామ్మర్ది అక్కడితో లేచి బయటికెళ్లిపోయాడు. "బావా, నేను గోడ దగ్గర ఉంటా" అన్నాడంతే. మూడోవాడు మా ఆఫీసు మిత్రుడు, అక్కణ్నుంచి నోరు మెదపలేదు, ఎందుకంటే ఈ ప్యాకేజీ వెతికింది ఆయనే.

రాత్రి పన్నెండు దాకా పక్క లాన్‌లో డీజే. దాని గురించి ఇంకేం రాయను.

లెక్క చూసుకునేటప్పుడు మేనేజర్ "ప్రకృతి మన చేతుల్లో ఉండదు కద సార్" అన్నాడు. ప్రకృతి ఉండదు, గేటు తాళంచెవి ఉంటుంది. అరగంట వాదిస్తే పరుపు తాలూకు 900 తిరిగిచ్చాడు, అదీ రాత్రి పదకొండుకి గాని పరుపు రాలేదు కాబట్టి. ఇలాంటిది బుక్ చేసేముందు ఫోన్లో నాలుగు అడగండి: గేటు ఎన్నింటికి తీస్తారు, హైడ్ కిటికీ ఏ దిక్కుకి, కిటికీ నేలకి ఎంత ఎత్తు, కూతలు పెడతారా. నాలుగింటికీ సూటిగా జవాబు రాకపోతే అడ్వాన్సు పంపకండి.

అసలు అనంతగిరికి ప్యాకేజీ అక్కర్లేదు. వికారాబాద్ దాకా రైలుంది, స్టేషన్నుంచి గుట్ట ఆరేడు కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. మూసీ పుట్టే గుట్టలివి. పద్మనాభస్వామి గుడి దారిలో రోడ్డంచున నడిస్తే చాలు. శని, ఆదివారాలు వద్దు. కోతులున్నచోట సంచి జిప్ తెరిచి లెన్సు మార్చొద్దు.

అమీన్‌పూర్ సంగతి వేరు. మియాపూర్ దాటాక అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన పాత చెరువు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అలా ప్రకటించినా ఒడ్డున ప్లాస్టిక్కు తగ్గలేదు, అది కళ్లు మూసుకుని దాటాలి. 6:40కి చేరితే బొల్లికోళ్లు, చుక్కమూతి బాతులు, ఎర్రకాళ్ల కొంగలు దగ్గర్లోనే. మేం వెళ్లింది మాత్రం నల్లాతెల్లా లకుముకి కోసం. మామూలు లకుముకి కొమ్మ మీంచి దూకుతుంది, ఇది నీళ్ల మీద గాల్లోనే ఒకచోట నిలబడి, రెక్కలు కొట్టుకుంటూ తల మాత్రం కదలకుండా కిందికి చూస్తుంది. ఆ రెండు మూడు క్షణాలే మనకి అవకాశం. షట్టరు వేగం సెకనులో 1/2500 వంతు, లెన్సు రంధ్రం ఎఫ్ 6.3, ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో పెట్టి పైహద్దు 3200. ఫోకస్ మధ్య చుక్కల గుంపు చాలు, ఫ్రేమంతా వదిలేస్తే వెనక గుర్రపుడెక్క మీదికి పారిపోతుంది. రెక్క తెలుపు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ మైనస్ 2/3. ముదురు నీళ్లు చూసి కెమెరా మొత్తం చీకటే అనుకుని వెలుగు పెంచేస్తుంది, తెల్లకొంగలకీ ఇదే చిక్కు. ఆకాశం ముందు ఎగిరే గద్దకి ఉల్టా, ప్లస్ ఒకటి.

గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని నిలబడాలి. పిట్టలు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. గాలీ సూర్యుడూ రెండూ మన వీపు వెనకుంటే ముఖం మనవైపే ఉంటుంది. ఆ రోజు రెండూ కుదిరాయి. గంటలో 640 ఫొటోలు, అందులో పదునైనవి 31.

ఆ 31లో అన్నిటికంటే మంచిది పాడైంది. చేప ముక్కున కరుచుకుని తుమ్మకొమ్మ మీద వాలిన లకుముకి, వెలుగు, కన్ను అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే దాని ఛాతీకి అడ్డంగా సన్నటి గులాబి గీత. పతంగి మాంజా. కెమెరా వెనక చిన్న తెరలో కనపడలేదు. సంక్రాంతి తర్వాత నెల దాకా ఊరి చెరువుల దగ్గర తుమ్మలన్నిటికీ ఇది వేలాడుతుంది. కొమ్మని ముందు కంటితో చూసుకుని తర్వాతే గురిపెట్టండి. చేతికందేది ఉంటే చుట్టి సంచిలో వేసుకోండి. రెక్కకి చుట్టుకుంటే పిట్ట తప్పించుకోలేదు.

మంజీర సంగారెడ్డి అవతల, మొసళ్ల అభయారణ్యం. ఇక్కడ తెల్లారుజామునే పరుగెత్తక్కర్లేదు. చలికాలం మొసలి ఒళ్లు వెచ్చబడటానికి ఎండెక్కాకే రాళ్ల మీదికొస్తుంది, తొమ్మిదికి అటూ ఇటూ. చిక్కేంటంటే అప్పటికి నీళ్ల మీద వేడిగాలి కెరటాలు లేస్తాయి. 150 మీటర్ల దూరంలో మొసలిని 600 ఎంఎంతో లాగితే ఫోకస్ ఎంత సరిగ్గా ఉన్నా పొలుసులు పేస్టులా వస్తాయి. లెన్సు చెడిందని రిపేరుకి తీసుకెళ్లేవాళ్లని చూశాను. లెన్సుది కాదు, గాలిది తప్పు. దగ్గరికి వచ్చిన మొసలినే తీయాలి, దూరానిది బైనాక్యులర్స్‌తో చూసి వదిలేయాలి. కారు కిటికీ మీంచి తీసేవాళ్లు ఏసీ కూడా ఆపేయాలి. లోపలి చల్లగాలి బయటి వేడిగాలితో కలిసేచోటే లెన్సు ఉంటుంది కాబట్టి అదే మసక మళ్లీ వస్తుంది. కిటికీ మీద లెన్సుకి దన్నుగా పాత జీన్స్ ప్యాంటు కాలు జానెడున్నర కత్తిరించి, ఒక కొస కుట్టి, కిలోన్నర బియ్యం పోసి, రెండో కొస కూడా కుట్టేస్తే చాలు. దుకాణంలో కొన్న బీన్ బ్యాగ్ ఇంతకంటే ఏమీ చేయదు.

తిరుగుదారిలో రోడ్డు పక్క రేకుల షెడ్డులో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ, మనిషికి 90. రొట్టె పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చింది, అంచు కాస్త మాడి. అడక్కుండానే ఆ అవ్వ పండక్కి చేసిన సకినాలు నాలుగు తెచ్చి పెట్టింది, డబ్బులిస్తే తీసుకోలేదు. రిసార్టు ప్యాకేజీ వెతికిన మిత్రుడు నోరు విప్పింది అక్కడే, "ఇంకో రొట్టె" అని.

తొండ ఫొటో ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. గోడ దగ్గరికి నిలబడి వెళ్తే తొండ అవతలి పక్కకి జారుకుంటుంది. బామ్మర్ది మోకాళ్ల మీద, పక్కవాటుగా, తన నీడ దాని మీద పడకుండా వెళ్లాడు. అది తల ఊపినప్పుడల్లా ఆగాడు. ఫోన్లో వైడ్ లెన్సు కాకుండా 2ఎక్స్ పెట్టి, తెర మీద కంటి దగ్గర నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు గీతని కొంచెం కిందికి లాగాడు. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. అంత తీరిక ఎలా దొరికిందంటే, ఆ గోడ పక్కనే రిసార్టు మెస్సు, ఎనిమిదిన్నరకి ఇస్తామన్న ఇడ్లీ తొమ్మిదింబావుకి గానీ రాలేదు.